రెండో దెబ్బ

నాకు నోరెక్కువ. పామిడిలో ఎవరినడిగినా చెబుతారు. పదహారేళ్లుగా బడిలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాను. ఈ పదహారేళ్లలో అంపైర్లతోనో, హెడ్మాస్టర్లతోనో, మా పిల్లలను చూసి ఈల వేసిన లారీ డ్రైవర్లతోనో పోట్లాడని నెల లేదు. రామక్క మేడం వస్తోందంటే గ్రౌండులో తాగి పడుకున్నవాళ్లు సైతం లేచి చెప్పులు వెతుక్కుంటారు. అలాంటిదాన్ని, పొద్దుపొద్దున్నే ఒక పిల్ల నిద్రపోతుంటే మంచం పక్కన వంగి, ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాకా వచ్చాను.

ఆ పిల్ల పేరు రూతు. పదిహేడేళ్లు. తండ్రి లేడు. తల్లి ఎస్తేరు శెనక్కాయ చేన్లలో కలుపు తీసి పెంచింది. ఏడో తరగతిలో ఉండగా గ్రౌండు గోడ దూకి పారిపోతుంటే పట్టుకున్నాను. పట్టుకోవడానికి నాకు మూడు రౌండ్లు పట్టింది. ఆ రోజే అనుకున్నాను, ఇది రాష్ట్ర జట్టులో ఆడే పిల్ల అని. నా గ్రౌండు నుంచి ఇంతవరకు ఒక్కరూ అంతదాకా పోలేదు.

ఆగస్టులో సోమందేపల్లెలో పోటీలు. హైవే పక్కన గ్రౌండు. మట్టి కోర్టుకు ముందురోజు బాగా నీళ్లు పట్టాలి, లేకపోతే మా నేల గట్టితనం మీకు తెలియంది కాదు. ట్యాంకరు రాలేదు. ఆడదామా వద్దా అని పెద్దమనుషులు గుసగుసలాడుకుంటుంటే, "ఆడేకి వచ్చినామా, నీళ్ల కోసం కూచునేకి వచ్చినామా?" అని అరిచింది నేనే. మన నోరు ఊరుకుంటుందా!

రెండో సగంలో రూతు కూతకు పోయింది. అవతలి పిల్లలు ఇద్దరు చేతులు గొలుసు కట్టి నడుం దగ్గర ఎత్తి పడేశారు. తల నేలకు తగిలిన చప్పుడు గీత బయట ఉన్న నాకు వినిపించింది. పరిగెత్తుకుంటూ పోయి మొహాన నీళ్లు కొట్టాను. కళ్లు తెరిచింది. వెంటనే నేను అడిగిన మాట ఒకటే.

"ఏమే, కూత పెట్టు."

మా దగ్గర అదొక పద్ధతి. నాకు ఆట నేర్పినాయన నేర్పాడు, నేను నా పిల్లలకు అలవాటు చేశాను. పడిన పిల్ల మళ్లీ ఆడగలదా లేదా అని తెలుసుకోవడానికి కూత పెట్టిస్తాం. ఒకే ఊపిరిలో "కబడ్డీ కబడ్డీ" అంటూ, మేం ముప్పై లెక్కపెట్టేదాకా తెగకుండా నిలబెడితే పిల్ల బాగున్నట్టే. పక్కటెముక విరిగినా, గుండెలో గాలి చాలకపోయినా కూత తెగుతుంది కదా అని మా లెక్క. రూతు నలభై దాకా నిలబెట్టింది. "నా సింహం!" అని వీపు మీద చరిచి లోపలికి పంపాను. తలకు, కూతకు సంబంధం లేదనీ, ఏళ్ల తరబడి అరిచిన నోరు తల పనిచేయకపోయినా అరుస్తూనే ఉంటుందనీ అప్పటికి నాకు తెలియదు. తెలియదు అంటే సరిపోతుందా?

ఆరేడు నిమిషాల తర్వాత మళ్లీ కూతకు లేచింది. నడిగీత దగ్గరికి పోయి, ఆగి, వెనక్కి తిరిగి, కూత పెడుతూ మా పిల్లల మీదికే వచ్చింది. మా పిల్లనే తాకింది. జనం పడీపడీ నవ్వారు. నేనైతే, "కండ్లు యాడ పెట్టుకున్యావే, అటు పో!" అని తిట్టాను. పాపం, నేను చూపించిన వైపే పోయింది. అక్కడ మూల ఆడే పిల్ల కాలు పట్టి లాగింది. మళ్లీ అదే పక్క, అదే తల.

ఈసారి వెంటనే లేవలేదు. లేచాక రెండుసార్లు కక్కింది. నా చెయ్యి పట్టుకుని, "మేడం, అమ్మ చర్చికి పోయిందా?" అని అడిగింది. ఆ రోజు గురువారం.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. రక్తం గడ్డ ఏమీ లేదన్నారు. మెదడు బాగా అదిరిందనీ, కన్‌కషన్ అనీ చెప్పి కుర్ర డాక్టరు కాగితం మీద రాసుకుంటూ, "తలకు ఎన్నిసార్లు తగిలింది?" అని అడిగాడు.

"ఒక్కసారే" అన్నాను.

ఎందుకన్నానో మీకు చెప్పాలి. రెండుసార్లు అంటే మధ్యలో ఏం జరిగిందని అడుగుతాడు. మధ్యలో ఉన్నది నేను. అంతే. స్కాన్ బాగుంది కదా, ఒకటైతేనేం రెండైతేనేం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

పది రోజుల తర్వాత కూడా తలనొప్పి తగ్గకపోతే, ఆటగాళ్లకు వైద్యం చేసే ఫిజియోథెరపిస్టు అనంతపురంలో ఉందని అక్కడికి పంపారు. పేరు అర్చన. బట్టల వ్యాపారం చేసే కుటుంబం నుంచి వచ్చిన పిల్ల. గట్టిగా మాట్లాడదు. నాలాంటిదానికి అలాంటివాళ్ల ముందు నోరు పెగలదు. ప్రతి మంగళవారం, శుక్రవారం రమ్మంది. ఎస్తేరు కూలి మానుకోలేదు కాబట్టి నేనే సెలవు పెట్టి బస్సులో తీసుకుపోయేదాన్ని.

మొదట ఒక కాగితం ఇచ్చేది. తలనొప్పి, వికారం, తల తిరగడం, వెలుతురు పడకపోవడం, మరుపు, చిరాకు అని ఇరవై దాకా వరసలు. ఏమీ లేకపోతే సున్నా, భరించలేకపోతే ఆరు. తర్వాత గోడ మీద "అ" అని రాసిన కాగితం అంటించి, దాని మీంచి చూపు తిప్పకుండా తల అటూ ఇటూ ఊపమనేది. మొదటి రోజు పది ఊపులకే రూతు మొహంలో నెత్తురు చుక్క లేదు. గొలుసు పట్టుల్లోంచి జారిపోయే పిల్ల, ఒక గీత మీద మడమ ముందు బొటనవేలు పెట్టి నడవలేక గోడ పట్టుకుంది. నేను బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాను.

"మళ్లీ ఆటలోకి రావడానికి ఆరు మెట్లుంటాయి మేడం" అని అర్చన నాకు విడమరిచి చెప్పింది. "మామూలు నడక, తర్వాత సైకిలు, తర్వాత పరుగు, తర్వాత ఒంటరిగా ఆట కదలికలు. ఐదోది ఇంకో మనిషిని తాకుతూ ప్రాక్టీసు. ఆరోది మ్యాచి. ఏ మెట్టు మీద తలనొప్పి వచ్చినా కిందికి దిగాల్సిందే. ఐదో మెట్టుకు డాక్టరు గారి పర్మిషన్ లేకుండా పోయేది లేదు."

"ఎందుకమ్మా అంత భయం? పిల్ల గట్టిది."

"గట్టితనం కాదు మేడం. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే ఒక్కోసారి మెదడు ఉన్నట్టుండి వాచిపోతుంది. గ్రౌండులోనే పోయిన పిల్లలున్నారు. అదృష్టం, మన రూతుకు ఒక్కటే తగిలింది."

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. "మంచినీళ్లు ఉన్నాయా?" అని అడిగాను.

ఇక అప్పటినుంచి నాకు తిండి సయించలేదు. రెండో దెబ్బ తగిలిన పిల్ల పోతుందట. మా పిల్లకు తగలనే తగిలింది. పోలేదు. మరి ఇంకొకటి తగిలితే? బడికి పోయే ముందు ఎస్తేరు ఇంటికి పోయేదాన్ని. ఉత్తగా, మంచినీళ్లకనో, అగ్గిపెట్టెకనో. రూతు పడుకుని ఉంటే వేలు పెట్టి చూసేదాన్ని. ఎస్తేరు పొయ్యి దగ్గరనుంచి, "మేడం, నీకి నా కూతురి మీద నాకంటే పాణం ఎక్కువ" అనేది. ఆ మాట వింటే అక్కడ నిలబడలేకపోయేదాన్ని.

మూడోవారం నుంచి రూతు కాగితం మీద అంకెలు తగ్గాయి. నాలుగు రెండైంది, రెండు ఒకటైంది. ఆ తర్వాతి శుక్రవారం అన్నీ సున్నాలే. "అ" కాగితం ముందు ముప్పై ఊపులు ఊపి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. దేవుళ్లందరికీ మొక్కుకున్నాను, ఎస్తేరు దేవుడితో సహా.

రాష్ట్ర జట్టు ఎంపికలు ఇంకో పన్నెండు రోజుల్లో ఉన్నాయి. అర్చన కాస్త ఆలోచించి, "ఇంత తొందరగా తగ్గడం... మంచిదే" అంది. తర్వాత ఒక ఫారం నా చేతిలో పెట్టింది. "రెండు రోజులు గ్రౌండులో పూర్తి వేగంతో పరుగెత్తించండి. ఎట్లుందో మీరే రాసి సంతకం పెట్టండి. గ్రౌండులో పిల్లను చూసేది మీరు కదా. దాన్ని బట్టే డాక్టరు గారు ఐదో మెట్టుకు ఒప్పుకుంటారు."

మరునాడు పొద్దున్నే గ్రౌండులో రూతు పరుగెత్తింది. ఏం పరుగమ్మా అది! ఒంగి, లేచి, పక్కకు జారి, పాత రూతే. నాకు ఒళ్లంతా పొంగిపోయింది. మెచ్చుకుందామని వెనకనుంచి, "రూతూ!" అని కేకేశాను.

గిరుక్కున తిరిగింది. తిరిగినది తిరిగినట్టే మోకాళ్ల మీద కూలబడింది. రెండు చేతులతో నేలను పట్టుకుంది, నేల ఎక్కడికో పోతున్నట్టు. నేను దగ్గరికి పోయేలోపల కింది పెదవి పళ్ల కిందికి లాక్కుని, తలెత్తి నవ్వింది.

"కాలు జారింది మేడం."

ఆ నవ్వు నేను నేర్పిందే. నొప్పి మొహంలో కనబడితే అవతలివాళ్లు ఆ చోటే పట్టుకుంటారు, పెదవి బిగించి నవ్వండే అని ప్రతి పిల్లకూ చెబుతాను. ఐదేళ్లు చెప్పాను దీనికి.

"నిజం చెప్పు. దినామూ ఉండాదా?"

మోకాళ్లకు అంటిన మట్టి దులుపుకుంది.

"చెప్తావా, రెండు తగిలించమంటావా?"

"లేస్తానే నొప్పి మేడం. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదుల్తాండాయి. నిన్న చారులో ఉప్పేసినానో లేదో మర్చిపోయి మళ్లా వేసినా. అమ్మకి మాత్రం చెప్పొద్దు."

"మరి ఆ సున్నాలు ఎట్ల పెట్టినావే పాపిష్టిదానా?"

"మీరే గదా మేడం చెప్పింది, కనపడగూడదని."

నాకు మండిపోయింది. చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి ఎక్కడ పడుతుందో గుర్తొచ్చి, భయంతో వెనక్కి లాక్కున్నాను.

"ఇప్పుడే అర్చన మేడంకి ఫోన్ చేస్తాండా."

రూతు నా కొంగు పట్టుకుంది. "మీరు గూడా చెప్పలే గదా మేడం. నేను రెండుసార్లు పడినానంట గదా. పిల్లోల్లు చెప్పినారు. డాక్టరు అడిగితే మీరు ఒక్కసారే అన్యారంట. నేను మీది ఎవురికీ చెప్పలే. మీరు నాది చెప్పాకండి. పదకొండు దినాలే. తర్వాత ఎంత రెస్టు అంటే అంత తీసుకుంటా."

బెదిరించడం కాదది. అది బెదిరించే పిల్ల కాదు. నన్ను కాపాడుతున్నాననుకుంటోంది. ఇన్నాళ్లూ నా తప్పును కూడా ఆ అదిరిన తలలోనే దాచుకుని తిరిగిందని తెలిసి, తీసిన ఫోను మళ్లీ సంచిలో పడేశాను.

ఆ రెండు రోజులూ ఫారం నా సంచిలోనే ఉంది. అబద్ధం ఎందుకు, సంతకం పెడదామనే ఒక మనసు. నలుగురూ బాగుందంటున్నారు. ఎంపికలో ఎలాగూ గట్టిగా పట్టుకోరేమో. పదహారేళ్లకు ఒక పిల్ల దొరికింది. ఇలాంటి మాటలన్నీ నా బుర్రలో తిరిగాయి. ఇంకోపక్క, ఆ పిల్ల మట్టిలో పడి కళ్లు తెరవకపోవడం కనబడేది. మొహాన నీళ్లు కొడుతుంటాను, లేవదు. ఎస్తేరు చేను గట్టు మీదుగా పరిగెత్తుకుంటూ వస్తుంటుంది. ఆమెకు ఏం చెప్పాలో తెలియక అక్కడే మెలకువ వచ్చేది.

మంగళవారం ఎస్తేరు కూడా కూలి మాని మాతో వచ్చింది. కూతురు బాగైందని సంతోషం. అర్చనకని ఉడకబెట్టిన శెనక్కాయలు సంచి నిండా తెచ్చింది. దారి పొడవునా నాకు దండం పెట్టడం ఒక్కటే తక్కువ. రూతు కిటికీ పక్కన కూర్చుని నా వైపు చూసి కళ్లతోనే బతిమాలింది.

గదిలోకి పోగానే అర్చన పెన్ను అందించింది. "రాయలేదా మేడం? ఇప్పుడు రాసేయండి, చాలు."

పెన్ను మూత తీశాను. మళ్లీ మూసి బల్ల మీద పెట్టేశాను.

"రెండుసార్లు తగిలింది" అన్నాను.

"ఏంటి మేడం?"

"తలకి. రెండుసార్లు తగిలింది. మొదటిసారి పడినాక కూత పెట్టించి నేనే లోపలికి పంపినా. ఆస్పత్రిలో నేనే అబద్ధం చెప్పినా. దీనికి ఏమీ తగ్గలే. సున్నాలన్నీ అబద్ధమే."

"మేడం!" అని రూతు అరిచింది. అరిచి, ఆ అరుపుకే తల పట్టుకుంది.

అర్చన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "రెండింటికీ మధ్య ఎంతసేపు?" అంది. ఆరేడు నిమిషాలన్నాను. రూతును కూర్చోబెట్టి "అ" కాగితం ముందు మళ్లీ తల ఊపమంది. రూతు కసిగా ఊపింది. పది, పదిహేను, ఇరవై. మొహం చలించలేదు.

"ఆపమ్మా" అన్నాను అర్చనతో. "ఇప్పుడు దాస్తాంది. కింది పెదవి చూడు, లోపలికి పోయింది. అంటే కండ్లు తిరుగుతాండాయి."

అర్చన ఆపి, రూతు భుజం పట్టుకుని, చేతిమీది నాడి చూసింది. తర్వాత డాక్టరుకు ఫోన్ చేసింది. వెంటనే ఇంకో స్కాన్ తీయించమన్నాడు.

స్కాన్ బయట బెంచీ మీద నేనూ ఎస్తేరూ కూర్చున్నాం. గంటన్నర. ఎస్తేరు ఒళ్లో శెనక్కాయల సంచి అలాగే ఉంది.

"రెండుసార్లా మేడం?"

"రెండుసార్లు."

"నడుమ నువ్వే పంపినావా?"

"నేనే."

సంచి మూతి విప్పింది, మళ్లీ కట్టింది. "అది నా మాదిరి చేన్లో వంగగూడదని నీ చేతిలో పెట్టినా" అంది.

ఆ తలుపు తెరుచుకుంటే ఏం చెబుతారో అన్న భయంలో ఆమె కూడా తిట్టడం మర్చిపోయింది. ఇద్దరం తలుపునే చూశాం. నర్సు ఎవరో వేరేవాళ్లను పిలవడానికి వచ్చినా లేచి నిలబడ్డాం.

రక్తం లేదన్నారు. వాపు లేదన్నారు. ఎస్తేరు అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది. మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలంది అర్చన. ఈసారి రూతుకు ఎంపికలు లేవు. రెండు నెలలు పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. మళ్లీ ఆడుతుందా అని నేను అడిగితే, "ఇప్పుడే చెప్పలేను మేడం. చెబితే అది నా అబద్ధం అవుతుంది" అంది.

రూతు నన్ను చూడలేదు. "నా ఆట తీసేసినారు" అని గోడతో చెప్పింది.

బస్టాండులో నేను కాస్త దూరంగా నిలబడ్డాను. వేరే బస్సుకు పోదామనుకున్నాను. ఎస్తేరు నా దగ్గరికి వచ్చింది.

"శుక్రవారం మళ్లా రావల్లంట. నువ్వే తీసకరావల్ల."

"నన్ను నమ్ముతావా ఎస్తేరూ?"

"నమ్మకం గాదు. నీ మీద కోపం సచ్చేదాకా పోదు నాకి. అయితే ఇన్ని దినాలు అది నా కండ్ల ముందరే నొప్పి దాసిపెట్టుకున్యాది, కన్నదాన్ని, నాకి తెలీలే. నీకి తెలిసె. నేర్పించినదానివి నువ్వే గదా. దాన్ని చూస్తా ఉండు. కనపడితే దాయకుండా చెప్పు."

సరే అన్నాను. బస్సెక్కాక ఆమె పోయి కూతురి పక్కన కూర్చుంది. నేను వాళ్ల ఎదురు సీటులో, రూతు మొహం కనబడేలా కూర్చున్నాను. కూర్చోమన్నది ఆమే.

ఊరు దాటి కొంతదూరం పోయాక రూతు పెదవి లోపలికి పోయింది. నవ్వింది కూడా, కిటికీ వైపు తిరిగి. చెప్పబోయాను. అంతలో అదే నా వైపు తిరిగింది. చాలాసేపు కోపంగా చూసింది. పెదవి వదిలేసింది. మొహమంతా ఒక్కసారిగా చిన్నపిల్ల మొహమైపోయింది.

"మేడం, తల తిరుగుతాండాది. భయమైతాండాది."

"బండి ఆపప్పా!" అని నేను అరిచిన అరుపుకు బస్సంతా లేచి చూసింది. డ్రైవరు ఇక్కడ స్టాపు లేదని గొణిగాడు. ఆపకపోతే ఏం చేస్తానో చెప్పాను. ఆపాడు.

రోడ్డు పక్కన రూతు కక్కుకుంటుంటే ఎస్తేరు నడుం పట్టుకుంది, నేను నుదురు పట్టుకున్నాను. బస్సు వెళ్లిపోయింది. ఇంకోటి గంటకు గానీ లేదు. అర్చనకు ఫోన్ చేసి, తల ఎంతసేపు తిరిగింది, ఎన్నిసార్లు కక్కింది, అన్నీ ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. అలాగే పడుకోబెట్టి చూస్తుండమంది, మళ్లీ కక్కితే తిరిగి తీసుకురమ్మంది. కంపచెట్టు నీడలో రూతు నా ఒళ్లో తల పెట్టి కళ్లు మూసుకుంది. కాసేపటికి, "ఇంగా తిరుగుతాండాది మేడం" అంది. ఇంకాసేపటికి, "ఇప్పుడు కొంచెం తక్కువ" అంది. నేను అడగకుండానే చెబుతోంది.